కొండచూపు

బ్లయిన్‌నాంట్ పొలం వాకిట్లో నిలబడి, ఎదుటి కొండ మీద మేస్తున్న గొర్రె ఎవరిదో చెప్పగలిగితే ఆ కళ్ళు మంచి కళ్ళు. వేల్స్ కొండల్లోని ఆ లోయలో కంటికి అంతకు మించిన పరీక్ష ఎవరూ పెట్టుకోలేదు. గొర్రె ఎడమ భుజం మీద ఎర్రరంగు పూసి ఉంటే బ్లయిన్‌నాంట్ వాళ్ళది. తుంటి మీద నీలం ఉంటే పక్క పొలం హావొద్ వాళ్ళది. మధ్యలో అర మైలు దూరం, ఒక వాగు, ఎప్పుడూ కాస్త వాన మసక.

ఆ పరీక్షలో బ్లయిన్‌నాంట్ పిల్లవాడు మైలిర్‌ను ఓడించినవాడు లేడు. రంగు కనబడని రోజున నడకను బట్టి చెప్పేవాడు.

"అదుగో, కుంటిది. హావొద్ ఎమ్రిస్ తాతది. గోడ దూకేసింది."

తండ్రి గ్విలిమ్ బైనాక్యులర్ తీసి చూసేవాడు. చూసిన ప్రతిసారీ కొడుకు మాటే నిజమయ్యేది. "డేగ పుట్టింది నా కడుపున," అని అంగడిలో పదిమందికీ చెప్పుకునేవాడు. ఆ పిల్లవాడి గురించి ఆయన గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

మైలిర్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఇప్పుడు పద్నాలుగేళ్ళు. మాట కాస్త ముద్దగా వస్తుంది కానీ ఇంట్లోవాళ్ళకు అంతా అర్థమవుతుంది. గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టగలడు, గేటు గొళ్ళెం మరవకుండా వేయగలడు, ఎవరింటికి వెళ్ళినా తలుపు దగ్గర బూట్లు విప్పుతాడు. చదువు మాత్రం రాలేదు. ఊరి బడికి ఏటా ఒక నర్సు వచ్చి గోడకు బొమ్మల పటం తగిలించేది. మైలిర్ దూరాన నిలబడి ఇల్లు, పడవ, తాళంచెవి అని గడగడా చెప్పేసేవాడు. "చూపు బాగుంది" అని రాసిన చీటీలు వంటింటి సొరుగులో ఎనిమిది ఉన్నాయి.

కళ్ళు అంత బాగున్నప్పుడు లోపం మరెక్కడో ఉండాలి కదా. బుర్రలో ఉందన్నారు కొందరు. వాడి అక్క హెలెద్ మాత్రం ఒప్పుకోలేదు. బుర్ర బాగానే ఉంది, ఉన్నదంతా బద్ధకమే అంది. బుర్ర అయితే ఎవరూ ఏమీ చేయలేరు, బద్ధకమయితే వదిలించవచ్చు. తమ్ముడి మీద ప్రేమ ఉండబట్టే తను అలా అంటోందని హెలెద్ నమ్మింది.

తల్లి నెస్టా పట్నంలోని వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తుంది. ఆమె ఇంటికి వచ్చే వేళకు పిల్లలు నిద్రకు సిద్ధమయ్యేవారు. అందుకని హెలెద్‌కు తొమ్మిదేళ్ళప్పుడే, "తమ్ముడి చదువు నువ్వు చూసుకోవే తల్లీ," అని అప్పగించింది. హెలెద్ ఎనిమిదేళ్ళు చూసుకుంది. బడిలో నోరు విప్పని పిల్ల అది. పంతులమ్మ పేరు పెట్టి పిలిస్తే చెవులదాకా ఎర్రబడిపోయేది. వంటింటి బల్ల దగ్గర, తమ్ముడి ఎదుట మాత్రం దానికి ఎక్కడలేని గొంతూ వచ్చేది.

"పుస్తకం దగ్గరికి జరుపు."

మైలిర్ దూరంగా నెట్టేవాడు.

"దగ్గరికి అన్నానా."

"అక్షరాలు పారిపోతున్నాయి, లెద్." పూర్తి పేరు పలకలేక అలా పిలిచేవాడు.

"గొర్రె పారిపోతే పట్టుకోవూ? వీటినీ పట్టుకో."

వాడు అక్షరాలను వదిలేసి ఆమె ముఖం చూసేవాడు. ఆమె గడ్డం పట్టుకుని తల కిందికి వంచేది. వాడు కిటికీలోంచి కొండ వైపు చూసేవాడు. ఒకరోజు ఆమె దాణా గోనెసంచి తెచ్చి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టింది. ఎండుద్రాక్షల రొట్టె ముక్క కోసి, వెన్న రాసి, బల్లకు అవతలి చివర పెట్టేది. వాక్యం చదివితేనే ముక్క. చాలా రోజులు ఆ ముక్క కుక్క మోట్ తిన్నది.

ఒకసారి మాత్రం వాడు చదివాడు. పక్క పొలం ఎమ్రిస్ తాత టీ తాగడానికి వచ్చిన సాయంత్రం. తాతకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, హావొద్ పొలం తప్ప మరో లోకం లేదు. మైలిర్ పుస్తకం తెరిచి, తప్పిపోయిన ఓడ కథ మొదలుపెట్టి, వేలు కదుపుతూ చెప్పుకుపోయాడు. హెలెద్ ఊపిరి బిగబట్టి వింది. వింటూ ఉండగా తెలిసింది. జామ్ అంటుకుని రెండు పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వాడు తెరవని పేజీ కూడా చదివేస్తున్నాడు.

"చూశావా తాతా," అంది ఆమె. "నేను చదువుతుంటే విని బట్టీ పట్టాడు. దొంగ చదువు."

"రెండు పేజీలు గుండెలో దాచుకున్నవాణ్ణి దొంగంటావేం పిల్లా? నాకు నా గొర్రెల లెక్కే గుర్తుండి చావదు."

"నీకు తెలీదులే తాతా. వీడికి కళ్ళున్నాయి. నన్ను మోసం చేస్తున్నాడు."

మైలిర్ అక్క ముఖం చూసి పుస్తకం మూసేశాడు.

ఆ జనవరిలో పట్నం పెద్దబడి నుంచి ఉత్తరం వచ్చింది. జూన్‌లో మైలిర్‌ను పరీక్షిస్తారు. తేలిక పుస్తకంలో ఒక పేజీ చదివితే మిగతా పిల్లలతోపాటు తరగతిలో ఉంటాడు. లేకపోతే వేరే గది. ఆ గదిలో రుమాళ్ళు మడతపెట్టడం, డబ్బాల్లో సామాను సర్దడం నేర్పుతారు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి తరగతిలోకి రావడం ఎవరూ చూడలేదు. నెస్టా ఉత్తరం రెండుసార్లు చదివి కూతురి వైపు చూసింది.

"చదివిస్తానమ్మా," అంది హెలెద్. "జూన్ లోపల చదివిస్తాను."

మార్చిలో విశ్వవిద్యాలయం వాళ్ళ వ్యాను వచ్చి ఊరి ప్రార్థనామందిరం చాపెల్ వెనక గదిలో ఒక యంత్రాన్ని దింపింది. మైలిర్ వంటి పిల్లల కళ్ళు కొలుస్తారట. గ్విలిమ్ పనిగట్టుకుని మైలిర్‌తో బయల్దేరాడు. కొడుకు కళ్ళకు బహుమతి ఇస్తారన్నంత హుషారుగా ఉన్నాడు. హెలెద్ కూడా వెళ్ళింది.

యంత్రం చూడడానికి రేడియో అంత ఉంది. ముందు భాగాన నల్లటి అద్దం, పక్కన తెర. ఎదురుగా పొడుగాటి పట్టా, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే చిన్న పెట్టె. పెట్టె ముఖం మీద వెలుగుతున్న బొమ్మ. తెగ్వెన్ అనే డాక్టరు దాని వెనక కూర్చుని ఉంది. చిన్న వయసే, చేతికి ఉన్ని తొడుగులు విప్పలేదు. ఆ గదిలో ఎప్పుడూ చలే.

"మావాణ్ణి ఏం అడుగుతారు డాక్టరమ్మా?" అన్నాడు గ్విలిమ్. "దూరం పెట్టి అడగండి. ఎంత దూరమైనా చెప్తాడు."

"ఏమీ అడగం గ్విలిమ్ గారూ. ఈ యంత్రానికి జవాబుతో పనిలేదు. మనకు కనబడని వెలుగు ఒకటి కంట్లోకి పంపుతుంది. అది లోపలికి వెళ్ళి తిరిగొచ్చిన తీరును బట్టి, ఆ క్షణాన కన్ను ఎంత దూరానికి కుదురుకుని ఉందో గీత గీసి చూపిస్తుంది. పిల్లలు చెప్పలేకపోయినా, చెప్పడం ఇష్టం లేకపోయినా ఫరవాలేదు."

"అబద్ధం చెప్తే?" అంది హెలెద్ నేల చూస్తూ.

"కన్ను అబద్ధం చెప్పలేదు. నువ్వు కూర్చో ముందు. మీ తమ్ముడికి భయం పోతుంది."

హెలెద్ కూర్చుంది. పెట్టె దూరం నుంచి దగ్గరికి జరుగుతూ వచ్చింది. దాని మీద ఆవు బొమ్మ. బొమ్మ దగ్గరయ్యేకొద్దీ తెర మీద గీత మెట్టు మెట్టుగా పైకి ఎక్కింది. ఆమె ప్రయత్నించి చేసింది ఏమీ లేదు. కన్ను తనంతట తానే సర్దుకుంది.

తర్వాత మైలిర్ కూర్చున్నాడు.

"ఏముంది అక్కడ?" అంది తెగ్వెన్, వాడి చూపు నిలపడానికి దూరాన ఉన్న పెట్టె చూపిస్తూ.

"ఆవు."

పెట్టె దగ్గరికి జరిగింది. గీత అడుగున ఉంది. ఇంకా దగ్గరికి వచ్చింది. గీత కదల్లేదు. తెగ్వెన్ పెట్టెను తిప్పింది. ఇప్పుడు దాని మీద ఉన్నది పడవ. జానెడు దూరంలో ఆపి, "ఇప్పుడు?" అంది.

"ఆవు," అన్నాడు మైలిర్. అని డాక్టరు ముఖం చూశాడు, సరిపోయిందా అన్నట్టు.

గ్విలిమ్ నవ్వబోయి ఆగిపోయాడు. తెగ్వెన్ సొరుగులోంచి ఒక అద్దం బిళ్ళ తీసి మైలిర్ కళ్ళ ముందు పట్టింది. వాడు ఉలిక్కిపడి తల వెనక్కి లాగాడు. మళ్ళీ ముందుకు వంగాడు.

"పడవ," అన్నాడు. "తాడుంది పడవకి."



"కొండ మీద గొర్రె కనబడుతుంది కదండీ వీడికి," అన్నాడు గ్విలిమ్. గొంతులో హుషారు దిగిపోయింది.

"కనబడుతుంది. కొండను చూడడానికి కన్ను ఏ పనీ చేయక్కర్లేదు. దగ్గరిది చూడాలంటేనే లోపల కష్టపడాలి. మైలిర్ కన్ను ఆ కష్టం పడలేదు. ఇలా పుట్టిన పిల్లల్లో చాలామందికి అంతే. అద్దం ఆ పని చేసిపెడుతుంది. కింది సగం దగ్గరకి, పై సగం మీ కొండకి."

"ఎప్పట్నుంచీ ఇలా?"

"మొదట్నుంచీ అయ్యుండాలి."

హెలెద్ ఒక్క ప్రశ్న అడిగింది. తెగ్వెన్‌కు వినబడక రెండోసారి అడగాల్సి వచ్చింది. "పుస్తకం దగ్గరికి జరిపితే?"

"ఇంకా అలుక్కుపోతుంది. దూరం పెడితే కాస్త నయం. తనే దూరం నెట్టుకుంటూ ఉండాలే?"

"నెడతాడండీ," అన్నాడు గ్విలిమ్. "వీడు నెడతాడు, ఇది లాగుతుంది. రోజూ అదే తంతు."

ఆయన మామూలుగానే అన్నాడు. తెగ్వెన్ హెలెద్ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని కాగితాలు సర్దుకుంది. ఆ మర్యాదే హెలెద్‌కు ఎక్కువ గుచ్చుకుంది. ఇద్దరి గీతలూ ఒకే కాగితం మీద అచ్చు తీసి ఇచ్చారు. ఒకటి మెట్లు, ఒకటి నేల. ఇంటికి వచ్చాక హెలెద్ మొదట కిటికీ గోనె పీకింది. మేకుల కంతలు చట్రంలో అలాగే ఉన్నాయి.

ఏప్రిల్‌లో కళ్ళద్దాలు వచ్చాయి. మైలిర్ రెండు రోజులు పనీపాటా మానేసి దగ్గరున్నవన్నీ చూశాడు. గోళ్ళు చూసుకున్నాడు. ఓట్స్ గంజిలో పొట్టు ఏరి వేలి మీద పెట్టుకున్నాడు. మోట్ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టబోతే అది తుమ్మి పారిపోయింది. మూడోనాడు పొద్దున టీ పోస్తున్న అక్క ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డాడు.

"లెద్, నీ ముఖం నిండా చుక్కలు."

"మచ్చలురా. పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి."

"లేవు. ఇప్పుడొచ్చాయి."

ఆమె కెటిల్ కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇక జూన్‌కు రెండు నెలలే ఉంది. హెలెద్ కొత్తగా మొదలుపెట్టింది. గొంతు తగ్గించింది. రొట్టె ముందే పెట్టింది. పుస్తకం వాడికి ఎక్కడ ఇష్టమయితే అక్కడ పెట్టుకోమంది. కళ్ళద్దాలు ఉన్నాయి, అక్షరాలు పారిపోవడం లేదు, వాడే చెప్పాడు. అయినా పుస్తకం తెరవగానే వాడి కళ్ళు పేజీ మీది నుంచి లేచి ఆమె ముఖం మీద వాలేవి. అక్షరం చూపించి "ఇదేంటి?" అంటే ఆమె కనుబొమలు చూసేవాడు. పెదాలు చూసేవాడు. ఒక పేరు చెప్పి, ఆమె ముఖం కదలకపోతే ఇంకో పేరు చెప్పేవాడు.

ఎనిమిదేళ్ళుగా వాడు చదువుతున్నది ఏమిటో హెలెద్‌కు అప్పుడు తెలిసింది. బల్లకు అటువైపు ఉంది కాబట్టి వాడికి కాస్తయినా పోలిక తెలిసే పేజీ ఆమె ముఖం ఒక్కటే. దాన్ని వాడు క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. కోపం ఎక్కడ మొదలవుతుందో, రొట్టె ముక్క ఎప్పుడు వెనక్కి పోతుందో చదవగలడు. ఇప్పుడు ఆమె మెత్తగా మాట్లాడుతుంటే వాడికి ఆ పేజీ కూడా అర్థం కాకుండా పోయింది. మెత్తటి గొంతు విని భుజాలు ముడుచుకునేవాడు.

"తిట్టను రా. నిజంగా తిట్టను."

"సరే," అనేవాడు. కళ్ళు ఆమె ముఖం మీదనుంచి కదిలేవి కావు.

జూన్‌లో పరీక్ష రోజున పెద్దబడి పంతులమ్మ, "తెలిసినవాళ్ళు పక్కన ఉంటే వాడికి ధైర్యం," అంది. తల్లికి సెలవు దొరకలేదు. హెలెద్ పక్కన కూర్చుంది. కూర్చోకుండా ఉండాలని ఆమెకు తోచింది కానీ, కొత్తవాళ్ళ ఎదుట ఆ మాట పైకి అనలేకపోయింది. పంతులమ్మ పేజీ తెరిచి ముందు పెట్టింది. కుక్కపిల్ల మీద నాలుగు వాక్యాలు, పెద్ద అక్షరాలు.

మైలిర్ అక్క వైపు తిరిగి కూర్చున్నాడు. హెలెద్ గోడ వైపు తల తిప్పుకుంది. వాడు కుర్చీలోంచి లేచి అటువైపు వచ్చి ఆమె ముఖం చూశాడు. పంతులమ్మ పది నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుని, "పాపం, మీరు చాలా కష్టపడి ఉంటారు," అంది.

వేరే గది ఖాయమైంది. సెప్టెంబరు నుంచి మైలిర్ రుమాళ్ళు మడతపెడుతున్నాడు. మడత బాగా కుదురుతోందని బడివాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. నెస్టా ఆ ఉత్తరం చదివి, "నువ్వు చేయాల్సింది చేశావులేవే," అంది. తల్లి ఆ మాట ఓదార్పుగానే అందని తెలిసినా హెలెద్ రెండు రోజులు ఆమె కళ్ళలోకి చూడలేదు.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం, భోజనం వేళకు మైలిర్ ఇల్లు చేరలేదు. హావొద్‌లో ఉంటాడని హెలెద్ గోడ దాటి వెళ్ళింది. ఎమ్రిస్ తాత వంటింటి తలుపు పై సగం తెరిచి ఉంది. లోపల మాటలు వినిపించి ఆమె ఆగింది.

"హావొద్... ఆడ గొర్రెలు... నలభై..." మైలిర్ గొంతు. "నలభై రెండు."

"నలభై రెండేనా? సరిగ్గా చూడరా. రెండు ఎక్కువేశాడేమో వెధవ."

"రెండే. నలభై రెండు. కిందది... లుయిన్... ఒన్. లుయినొన్. పొట్టేళ్ళు, ఆరు."

"ఆరు పొట్టేళ్ళా? లుయినొన్ వాడికి ఆరెక్కడివి? మళ్ళీ చదువు."

"ఆరు, తాతా. ఆరు అనే ఉంది. నేనేం చేయను?"

గొర్రెల సంత పట్టీ అది, ఏ పొలం వాళ్ళు ఎన్ని అమ్ముతున్నారో. సన్నటి అక్షరాలు, మురికి కాగితం. వాడు తడుముకుంటున్నాడు, ఆగుతున్నాడు, వెనక్కి వెళ్ళి దిద్దుకుంటున్నాడు. కానీ చదువుతున్నాడు. ముసలాయన నిప్పు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు, వీపు తప్ప ముఖం కనబడదు. ఆయన కళ్ళద్దాలు చొక్కా జేబులోంచి సగం బయటికి వేలాడుతున్నాయి.

మోట్ ఆమె వాసన పట్టి తోక కొట్టింది. మైలిర్ తిరిగి చూశాడు. పట్టీ మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

"చదువుతున్నావా?" అంది హెలెద్.

"లేదు," అన్నాడు వాడు. "కూర్చున్నా."

ఎమ్రిస్ తాత ఆమెను గేటు దాకా సాగనంపాడు. మైలిర్ కుక్కతో ముందు నడుస్తున్నాడు.

"ఎప్పట్నుంచి తాతా?"

"జూలైలో, ఉన్ని కత్తిరింపులయ్యాక. నా కళ్ళద్దాలు పొట్టేలు తొక్కేసిందన్నాను. నమ్మాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో."

"పంతులమ్మకు తెలిస్తే..."

"చెప్పమనే అన్నాను వాడితో. ముందు మీ అక్కకి చెప్పరా, సంతోషిస్తుంది అన్నాను. వద్దన్నాడు."

"ఎందుకట?"

ముసలాయన గోడమీది రాయి ఒకటి ఊగుతుంటే సరిచేశాడు. అది సరిగ్గానే ఉన్నా ఇంకోసారి సరిచేశాడు.

"నువ్వు వింటే తప్పొస్తుందట," అన్నాడు.

ఆ నెలాఖరున డాక్టరు తెగ్వెన్ దగ్గర్నుంచి కవరు వచ్చింది. వ్యాను మళ్ళీ వస్తోంది. అద్దాలతో మైలిర్ కన్ను ఎలా కుదురుకుంటోందో కొలుస్తారు, చదివించి చూస్తారు, ఆ ఫలితం బడికి కూడా పంపుతారు. బడివాళ్ళు కావాలంటే మళ్ళీ ఆలోచించుకోవచ్చు. లోపల నింపి పంపాల్సిన పత్రం ఉంది.

హెలెద్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నింపింది. బిడ్డ పేరు, పుట్టిన రోజు రాసింది. బిడ్డ ఇంట్లో ఎవరితో చదువుతాడు అన్నచోట చాలాసేపు కలం ఆడలేదు. ఎమ్రిస్, హావొద్ పొలం అని రాసింది. బంధుత్వం అన్న గడిలో పక్క పొలం అని రాసింది. పరీక్షకు బిడ్డతో వచ్చేవారు అన్నచోటా ఆ పేరే రాసింది.

గ్విలిమ్ భుజం మీదుగా చూశాడు. "అదేంటే? ఆ ముసలాయన సంతకు తప్ప ఎక్కడికీ కదలడు. నువ్వెళ్ళవా?"

"ఆ రోజు నాకు కుదరదు నాన్నా."

"ఏ రోజో ఇంకా వాళ్ళే చెప్పలేదు కదే."

"ఏ రోజైనా కుదరదు," అంది హెలెద్. కవరు అంచు తడిచేసి అంటించింది.